ట్యూబ్ ఆంప్‌కి ఏ టవర్ స్పీకర్లు? తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్) కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు టవర్ స్పీకర్ల (నేల మీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు) గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. "ఏ కంపెనీ స్పీకర్లు తీసుకోమంటారు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. ముందు మీ ఆంప్ సంగతి తెలియాలి, తర్వాత మీ హాలు సంగతి, ఆ తర్వాతే స్పీకర్ పేరు. ఈ వరస తిరగేసి నేను ఒకసారి బాగా డబ్బు పోగొట్టుకున్నాను. ఆ సంగతి కింద రాశాను.

మామూలు ఆంప్‌కి ఏ స్పీకరైనా తగిలించేస్తాం కదా, ట్యూబ్ ఆంప్‌కే ఎందుకింత ఆలోచన?

రెండు కారణాలు. మొదటిది అందరికీ తెలిసిందే, ట్యూబ్ ఆంప్‌లో వాట్లు తక్కువ. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో 100 వాట్లు మామూలు విషయం. ట్యూబుల్లో 8 వాట్ల ఆంప్‌కి కూడా లక్షలు పెట్టేవాళ్లున్నారు.

రెండోది చాలామంది పట్టించుకోరు. ట్రాన్సిస్టర్ ఆంప్ స్పీకర్‌ని గట్టిగా పట్టుకుని నడిపిస్తుంది. ట్యూబ్ ఆంప్ పట్టు అంత గట్టిది కాదు, స్పీకర్ ఎటు లాగితే అటు కొంచెం జరుగుతుంది. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డుపడే గుణం, ఓమ్‌లలో కొలుస్తారు) ఎక్కువ అంటే ఇదే. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో ఇది సాధారణంగా 0.1 ఓమ్ లోపే. ట్యూబ్ ఆంప్‌లో, ముఖ్యంగా ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పు దిద్దుకునే ఏర్పాటు) లేని సింగిల్ ఎండెడ్ (మొత్తం సిగ్నల్‌ని ఒకే ట్యూబ్ మోసే) ఆంప్‌లో, 2 నుంచి 3 ఓమ్‌ల దాకా కూడా ఉంటుంది. అందుకే ఒకే ట్యూబ్ ఆంప్ రెండు రకాల స్పీకర్ల మీద రెండు వేరే ఆంప్‌ల్లా వినిపిస్తుంది. ఆంప్‌నీ స్పీకర్‌నీ విడివిడి వస్తువులుగా చూసి కొనకండి. వీణకి కుండా దండీ ఎలాగో ఇవీ అలాగే.

నా ఆంప్ ఎన్ని వాట్లదో బాక్సు మీద లేదు. ఎలా తెలుసుకోవాలి?

పవర్ ట్యూబుల మీద పేరు చూడండి, ఛానెల్‌కి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 2ఏ3 ఒక్కటే ఉంటే మూడు, మూడున్నర వాట్లు. 300బి ఒక్కటే ఉంటే 8 వాట్ల చుట్టుపక్కల. ఈఎల్84 జత పుష్‌పుల్‌లో (రెండు ట్యూబులు పని చెరిసగం పంచుకునే పద్ధతి) ఉంటే 10 నుంచి 15. ఈఎల్34 జత అయితే 30 నుంచి 40. కేటీ88 జత అయితే 40 మొదలుకుని 60, 70 దాకా, డిజైన్‌ని బట్టి. ముందు వరసలో ఉండే చిన్న ట్యూబుల్ని ఈ లెక్కలో కలపకండి, అవి సిగ్నల్‌ని పెంచడానికి, పవర్ ట్యూబుల్ని నడపడానికి.

సెన్సిటివిటీ అంటే ఏమిటి? ఎంత ఉండాలి?

స్పీకర్‌కి 1 వాట్ ఇచ్చి, 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తున్నాయో కొలుస్తారు. ఆ అంకే సెన్సిటివిటీ. 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు కావాలి, అప్పుడు మన చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు అనిపిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. మీది 8 వాట్ల ఆంప్, స్పీకర్ 87 డెసిబెల్స్. ఒకటి రెండయి, రెండు నాలుగయి, నాలుగు ఎనిమిది అయ్యేసరికి మూడుసార్లు మూడు, అంటే 9 కలిసి 96 వచ్చింది. మీరు కూర్చునేది తొమ్మిది అడుగుల దూరంలో, అక్కడికి చేరేలోపు గదిని బట్టి ఐదారు తగ్గుతాయి. రెండు స్పీకర్లున్నాయి కాబట్టి మళ్లీ మూడు కలుస్తాయి. మొత్తం మీద 93 దగ్గర ఆగింది. సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ మనం సగటున 78, 80 దగ్గర వింటున్నప్పుడు మృదంగం దెబ్బ, డోలు దెబ్బ దానిపైన మరో 15 నుంచి 20 ఎగురుతాయి. అక్కడ ఆంప్ చేతులెత్తేస్తుంది.

అదే 8 వాట్లకి 95 డెసిబెల్స్ స్పీకర్ పెడితే 101 వస్తుంది. 87 స్పీకర్‌తోనే అంత రావాలంటే 50 వాట్ల ఆంప్ కావాలి. ఆంప్ మార్చే ఖర్చుతో పోలిస్తే స్పీకర్ సరిగ్గా ఎంచుకోవడమే చవక.

మామూలు హాలుకి నేను చెప్పే అంకెలివి. 10 వాట్ల లోపు ఆంప్ అయితే 94 కన్నా తగ్గొద్దు, 96 పైన దొరికితే ఇంకా మంచిది. 10 నుంచి 20 వాట్లయితే 91, 92. 35 వాట్లు దాటితే 88, 89 కూడా నడుస్తాయి, కాకపోతే ఇంపీడెన్స్ మర్యాదగా ఉండాలి.

బ్రోషర్‌లో రాసిన సెన్సిటివిటీని నమ్మొచ్చా?

కొంచెం జాగ్రత్తగా చదవాలి. చాలా చోట్ల "1 వాట్" అని ఉండదు, "2.83 వోల్టులు" అని ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాట్. 4 ఓమ్‌ల స్పీకర్‌కి అదే వోల్టేజి ఇస్తే 2 వాట్లు తాగుతుంది. అందువల్ల 4 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టుల దగ్గర 90 అని రాసి ఉంటే ట్యూబ్ ఆంప్ మనిషి దాన్ని 87 అనే చదువుకోవాలి. ఇంకొకటి, కొన్ని కంపెనీలు గదిలో పెట్టి కొలిచిన అంకె ఇస్తాయి. గోడల సాయం కూడా అందులో కలుస్తుంది కాబట్టి ఆ అంకె కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. బయటి పత్రికలు స్వయంగా కొలిచిన అంకెలు దొరికితే అవే చూడండి.

8 వాట్లకి 86 డెసిబెల్స్ స్పీకర్ పెడితే ఏమవుతుంది? పాడైపోతుందా?

పాడవదు. పాట సొగసు పోతుంది. నా అనుభవం చెప్తాను.

నా మొదటి మంచి ఆంప్ 300బి సింగిల్ ఎండెడ్. దానికి స్పీకర్ల కోసం ఒక షాపుకి వెళ్లాను. సన్నగా, అందంగా ఉన్న టవర్లు చూపించి పాట పెట్టారు. అద్భుతంగా ఉంది. ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక తక్కువ వాల్యూమ్‌లో వయొలిన్ కచేరీ పెడితే తీగ మీద కమాను గరుకు కూడా తెలిసింది, చాలా సంతోషపడ్డాను. ఆదివారం పొద్దున కొంచెం పెంచి అదే కచేరీ మళ్లీ పెట్టాను. తని ఆవర్తనం మొదలైంది. మృదంగం తొప్పి దెబ్బ పడుతోంది, కానీ గుండెకి తగలడం లేదు. చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ రెండూ ఒకే ఎత్తులో వస్తున్నాయి. వాల్యూమ్ ఇంకొంచెం తిప్పితే శబ్దం పెరిగే బదులు బరువెక్కి మసకబారింది. ట్యూబ్ ఆంప్ చేతులెత్తేసినా కరకరమని గోల చేయదు, మెత్తగా అణిగిపోతుంది. అందుకే మూడు నాలుగు వారాల దాకా తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు. రికార్డింగ్ బాగాలేదనుకున్నాను, ట్యూబులు పాతబడ్డాయనుకున్నాను, కొత్త జత కూడా కొన్నాను.

చివరికి స్పీకర్ వెనక చీటీ చూశాను: 86 డెసిబెల్స్, 4 ఓమ్‌లు. షాపులో వాటిని నడిపింది పెద్ద ట్రాన్సిస్టర్ ఆంప్ అని అప్పుడు గుర్తొచ్చింది. ఆ స్పీకర్లలో లోపం లేదు, నా ఆంప్‌కి అవి కావు, అంతే. సగం ధరకి అమ్మేశాను.

"8 ఓమ్‌లు" అని రాసి ఉంది. ఇంపీడెన్స్ సరిపోయినట్టేనా?

లేదు. నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఆ 8 అన్నది ఒక గుర్తింపు అంకె మాత్రమే. నిజానికి స్పీకర్ ఇంపీడెన్స్ ఒక్కో స్వరం దగ్గర ఒక్కోలా ఉంటుంది. బేస్‌లో, అంటే కింది స్వరాల్లో, ఒకచోట 20 ఓమ్‌లు దాటి కొండలా లేస్తుంది, ఆ పైన ఎక్కడో 4కి, కొన్నిటిలో 3కి కూడా దిగుతుంది. బాక్సు మీద మాత్రం 8 అనే ఉంటుంది.

ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఈ ఎత్తుపల్లాలు పెద్దగా పట్టవు. ట్యూబ్ ఆంప్‌కి పడతాయి. మీ ఆంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 2 ఓమ్‌లు అనుకోండి. స్పీకర్ 20 ఓమ్‌లున్న చోట దాదాపు మొత్తం సిగ్నల్ అందుతుంది. 4 ఓమ్‌లున్న చోట మూడింట రెండు వంతులే అందుతుంది. ఈ రెండిటి మధ్య తేడా రెండున్నర డెసిబెల్స్ పైనే. ఎవరో ఈక్వలైజర్ తిప్పి వదిలేసినట్టు ఉంటుంది. "ట్యూబ్ అంటే బేస్ లావుగా, మెత్తగా ఉంటుంది" అని జనం అనుకునే మాటలో సగం ఇదే.

కాబట్టి చూడాల్సింది మినిమమ్ ఇంపీడెన్స్. కొన్ని కంపెనీలు దాన్ని పక్కనే చిన్న అక్షరాల్లో ఇస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్ 6 కన్నా కిందికి దిగకపోతే చాలా మంచిది, 5 దగ్గర ఆగినా ఫర్వాలేదు. గ్రాఫ్ దొరికితే ఇంకా మేలు: గీత ఎంత చదునుగా ఉంటే అంత సుఖం. బేస్ వచ్చే చోట, అంటే 60 నుంచి 200 హెర్ట్జ్ మధ్య, ఇంపీడెన్స్ బాగా పడిపోయే స్పీకర్లని వదిలేయండి. సంగీతంలో ఎక్కువ శక్తి అడిగేది అక్కడే.

సెన్సిటివిటీ కొంచెం తక్కువైనా ఇంపీడెన్స్ ఎత్తుగా ఉండే స్పీకర్ ట్యూబ్ ఆంప్‌కి సులువైన బరువు. బీబీసీ వాళ్లు తయారుచేయించిన ఎల్‌ఎస్3/5ఏ చిన్న స్పీకర్ ఇందుకు పాత ఉదాహరణ. సెన్సిటివిటీ 83 లోపే, కానీ మొదటి మోడల్ 15 ఓమ్‌లు. చిన్న గదిలో, మితమైన శబ్దానికి దాన్ని ట్యూబ్ ఆంప్‌తో ప్రేమగా వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆంప్ వెనక 4, 8, 16 అని మూడు టెర్మినల్స్ ఉన్నాయి. ఏది వాడాలి?

స్పీకర్ మీద ఉన్న అంకెతో మొదలుపెట్టండి. తర్వాత ఒక మెట్టు కిందిది కూడా విని చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్‌ని 4 టెర్మినల్‌కి పెడితే గరిష్ఠ వాట్లు కొంచెం తగ్గినా, బేస్ బిగుతుగా వినిపించడం నేను చాలాసార్లు గమనించాను. ఆంప్ ఆపి, కాసేపు ఆగాకే వైర్లు మార్చండి.

స్పీకర్ తగిలించకుండా ఆంప్ ఆన్ చేస్తే ఏమైనా అవుతుందా?

అవుతుంది. స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్‌లోకి పాట పంపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా లేచి లోపల ఇన్సులేషన్ కాలిపోవచ్చు. ఆంప్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. ముందు స్పీకర్, తర్వాత స్విచ్. పిల్లలు వైరు లాగే ఇంట్లో స్క్రూ బిగించే కనెక్టర్లు వాడండి.

హార్న్ స్పీకర్లు ట్యూబ్‌కి ఎందుకంత బాగా కుదురుతాయంటారు?

నాదస్వరం చివర విచ్చుకున్న భాగం చూశారు కదా. మనిషి ఊపిరి ఊరేగింపు పొడుగునా వినిపించడానికి ఆ ఆకారం సాయపడుతుంది. హార్న్ స్పీకర్‌లోనూ అంతే. చిన్న డయాఫ్రమ్ (శబ్దం పుట్టించే పలచటి పొర) కదలికని ఆ గొట్టం ఆకారం గాలికి బాగా అందిస్తుంది, కాబట్టి తక్కువ వాట్లకే పెద్ద శబ్దం వస్తుంది.

దీని వెనక చరిత్ర ఉంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 300బి ట్యూబ్‌ని 1938లో తెచ్చింది. ఆ రోజుల్లో పది వాట్ల లోపు ఆంప్‌తో చిన్న సినిమా హాళ్లు నడిచేవి. తెర వెనక ఉండే స్పీకర్లన్నీ పెద్ద పెద్ద హార్న్‌లు కాబట్టే అది కుదిరింది. 1954లో అమెరికాలో ఎకూస్టిక్ రిసెర్చ్ కంపెనీ ఏఆర్-1 తెచ్చాక దారి మారింది. గాలి చొరబడని చిన్న పెట్టెలో లోతైన బేస్ వచ్చింది, బదులుగా సెన్సిటివిటీ పోయింది. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చి వాట్లు చవకయ్యేసరికి ఆ లోటు ఎవరికీ పెద్దగా తెలియలేదు. పెట్టె చిన్నది కావడం, బేస్ లోతుగా రావడం, సెన్సిటివిటీ ఎక్కువ ఉండడం, ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి. హాఫ్‌మన్ సూత్రం అంటారు దీన్ని. సన్నటి టవర్‌లో 30 హెర్ట్జ్ బేస్, 96 డెసిబెల్స్ రెండూ ఉన్నాయని ఎవరైనా చెప్తే ఆ అంకెల్ని ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

హార్న్ చెవుల్లో గుచ్చుతుందని విన్నాను. నిజమేనా?

కొన్ని గుచ్చుతాయి, ముఖ్యంగా ఖాళీ గోడలు, టైల్స్ ఉన్న గదిలో. హార్న్ లోపల ఏ చిన్న మోత ఉన్నా గొంతు మీద వెంటనే తెలుస్తుంది. ఘంటసాల గొంతు పెట్టి వినండి. గొంతు ముక్కులోంచి వచ్చినట్టు, గొట్టంలోంచి వచ్చినట్టు అనిపిస్తే ఆ స్పీకర్ వద్దు.

కొన్ని పేర్లు చెప్పండి.

ట్యూబ్ వాడేవాళ్ల ఇళ్లలో తరచుగా కనిపించేవి చెప్తాను. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946లో మొదలుపెట్టిన క్లిప్ష్ కంపెనీ వాళ్ల హెరిటేజ్ వరసలో హెరెసీ, ఫోర్టే, కార్న్‌వాల్ ఉన్నాయి. కంపెనీ లెక్కలో హెరెసీ 4, ఫోర్టే 4 రెండూ 99 డెసిబెల్స్, కార్న్‌వాల్ 4 అయితే 102. కార్న్‌వాల్‌లో 15 అంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ఉంటుంది, చిన్న బీరువాలా చోటు తీసుకుంటుంది. హెరెసీ చిన్నది, కానీ బేస్ 50 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది.

న్యూయార్క్‌లో తయారయ్యే డెవోర్ ఫిడెలిటీ ఒరాంగుటాన్ ఓ/93 నాకు ప్రత్యేకంగా నచ్చిన డిజైన్. 93 డెసిబెల్స్, 10 ఓమ్‌లు. హార్న్ గుణం లేకుండా ట్యూబ్‌కి సులువుగా ఉండాలనుకునేవాళ్లకి సరైన దారి అది. యూటాలోని జూ ఆడియో వాళ్లు 10 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్‌ని (దాదాపు అన్ని స్వరాలూ తానే పలికే యూనిట్) క్రాసోవర్ (స్వరాల్ని వేర్వేరు డ్రైవర్లకి పంచే సర్క్యూట్) లేకుండా నేరుగా ఆంప్‌కి కలుపుతారు. బ్రిటన్‌లో టానాయ్ 1947 నుంచి చేస్తున్న డ్యూయల్ కాన్సెంట్రిక్ డ్రైవర్‌లో ట్వీటర్ (పై స్వరాలు పలికేది) వూఫర్ మధ్యలోనే ఉంటుంది, అందుకని గొంతు ఒకేచోటి నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

మన దేశంలోనూ ఉన్నారు. కొచ్చిలో ఆర్కిటెక్ట్ జేకబ్ జార్జ్ నడిపే రీథమ్, తక్కువ వాట్ల ట్యూబ్ ఆంప్‌లని దృష్టిలో పెట్టుకునే ఫుల్ రేంజ్ డ్రైవర్ స్పీకర్లు చేస్తుంది. వాటి కొత్త మోడళ్లలో బేస్‌కి లోపలే సొంత ఆంప్ ఉంటుంది, మీ ట్యూబ్ ఆంప్ మీద ఆ బరువు పడదు. తయారీదారు ఇక్కడే ఉంటే డ్రైవర్ పోయినప్పుడు ఓడలో పంపే టెన్షన్ ఉండదు.

మా హాలు 12 బై 15 అడుగులు. టవర్ స్పీకర్లు ఎక్కువవుతాయా?

స్పీకర్ ఎత్తు సమస్య కాదు, బేస్ సమస్య. 15 అడుగుల పొడవున్న గది 37, 38 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను మోగుతుంది. 12 అడుగుల వైపు 47 దగ్గర. సిమెంటు గోడలు బేస్‌ని బయటికి పోనివ్వవు. కాబట్టి 30 హెర్ట్జ్ దాకా వెళ్లే పెద్ద టవర్ కన్నా 40, 45 దగ్గర మర్యాదగా ఆగేది ఈ గదిలో శుభ్రంగా వినిపిస్తుంది.

వెనక గోడకి రెండు అడుగులు వదలగలరా లేదా అని ముందే టేపు పెట్టి కొలవండి. వదలలేకపోతే వెనక పోర్టు (బేస్ గాలి బయటికి వచ్చే రంధ్రం) ఉన్న స్పీకర్ వద్దు. టైల్స్ మీద ఒక మందపాటి తివాచీ, పక్క గోడకి పుస్తకాల అర ఉంటే పై స్వరాలు చాలా మెత్తబడతాయి. గ్రానైట్ మీద స్పైకులు (స్పీకర్ కింద బిగించే మొనదేలిన కాళ్లు) పెడితే కింద రూపాయి బిళ్లలాంటిది వేయండి. ఇంకొక ఇంటి సంగతి: రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) పెట్టెల కింది అంచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. మా బంధువుల ఇంట్లో మూడేళ్లకే వెనీర్ పొరలు లేచింది. పెట్టె అడుగు నేలకి అరంగుళం ఎత్తులో ఉండేలా చూసుకోండి.

ఎండాకాలంలో ట్యూబ్ ఆంప్ వాడలేమంటారు. నిజమేనా?

వాడొచ్చు, వేడి మాత్రం నిజం. ఒక్కో ఈఎల్34 ఫిలమెంట్‌కే తొమ్మిదిన్నర వాట్లు పోతాయి, నాలుగింటికి దాదాపు 40, అదీ పాట మొదలవకముందే. మే నెలలో ఏసీ వేస్తాం, ఏసీ మోతలో చిన్న వివరాలు మునిగిపోతాయి, వాల్యూమ్ పెంచుతాం. స్పీకర్ ఎంపికకి దీనితో సంబంధం ఇదే: సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్ అయితే చిన్న ఆంప్ సరిపోతుంది, గదిలో వేడి తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్ స్పీకర్లు తీసుకోవచ్చా?

నిస్సందేహంగా. మంచి హై సెన్సిటివిటీ స్పీకర్లు చాలా వరకు పాతవే. వూఫర్ చుట్టూ ఉండే అంచుని వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అయితే పదిహేను, ఇరవై ఏళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది. కొత్త ఫోమ్ వేయించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. గుడ్డ అంచు, రబ్బరు అంచు ఎక్కువకాలం ఉంటాయి. కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమానంగా లోపలికి నొక్కితే ఎక్కడా గీసుకున్న చప్పుడు రాకూడదు. పెట్టె అడుగున చెదపురుగు బాటలున్నాయేమో టార్చి వేసి చూడండి.

వైర్ల మీద ఎంత పెట్టాలి?

మందంగా ఉన్న మామూలు రాగి తీగ చాలు. మిగిలిన డబ్బు స్పీకర్ మీద పెట్టండి.

షాపులో వినేటప్పుడు ఏం చూడాలి?

మీ ఆంప్ మోసుకుపోండి. పాతిక కిలోలున్నా సరే, ఆటోలో పెట్టుకునైనా సరే. వాళ్ల ఆంప్‌తో విని నిర్ణయించకండి. కుదరకపోతే అవే ట్యూబులు, అన్నే వాట్లు ఉన్న ఆంప్ పెట్టమని అడగండి, అదీ లేదంటే కొనడం వాయిదా వేయండి.

వెంట మూడు రకాల పాటలు ఉంచుకోండి. ఒకటి మీకు కంఠతా వచ్చిన గొంతు, నాకైతే బాలమురళీకృష్ణ. రెండోది గట్టి దెబ్బలున్నది. షేక్ చినమౌలానా నాదస్వరం, పక్కన డోలు ఉన్న రికార్డింగ్ నేను తీసుకెళ్తాను. చిన్న ఆంప్‌కి అంతకన్నా కఠినమైన పరీక్ష నేను చూడలేదు. మూడోది కోరస్, ఆర్కెస్ట్రా కిక్కిరిసిన సినిమా పాట, ఎంతమంది వాయిస్తున్నా విడివిడిగా తెలుస్తున్నారా అని చూడటానికి.

ముందు చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టించండి. మంచి జోడీ అయితే పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత చిన్న శబ్దంలోనూ పాట నిండుగా ఉంటుంది. తర్వాత ఇంట్లో మీరు వినే స్థాయికి తెచ్చి, డోలు దెబ్బ దగ్గర కళ్లు మూసుకోండి. దెబ్బ పడినప్పుడు నాదస్వరం కాస్త వెనక్కి తగ్గినట్టు అనిపించిందా? అలా అనిపిస్తే ఆ స్పీకర్ మీ ఆంప్‌కి బరువు. నాదస్వరం కదలకుండా నిలబడి, డోలు దాని పక్కన విడిగా మోగితే అడ్వాన్స్ ఇచ్చి రండి.